రామగుండం ఎండలకు 5డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్ ఆగుతదా, చిక్కటి ఆయిల్ పోయించాల్నా?

ప్రశ్న: పెట్రోల్ కారు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. మాన్యువల్‌ల 5డబ్ల్యూ-30 అని ఉంది. ఎండకాలం రోజూ రామగుండం నుంచి వరంగల్ పోయి రావాలె. మెకానిక్ 20డబ్ల్యూ-50 పోద్దామంటున్నడు. ఏం చేయాలె అన్నా?

జవాబు 1: మాన్యువల్‌ల ఉన్నదే పోయించు తమ్మీ. బయట 45 డిగ్రీలున్నా థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ కలిసి కూలెంట్‌ను 90 దగ్గర్నే పట్టి ఉంచుతయి. గ్రేడ్‌ల వెనక అంకె 100 డిగ్రీల కాడ ఆయిల్ చిక్కదనం. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 50 అంటే 16.3 పైన. అంత చిక్కటిది పొద్దున స్టార్ట్ చేయంగనే పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరుడు ఆలస్యమైతది, అరుగుదల అక్కడే. వీవీటీ (వాల్వులు తెరిచే టైమింగ్ మార్చేది) సన్న దారుల్లో కూడా మెల్లగ కదుల్తది. మైలేజీ తగ్గుతది.

జవాబు 2: మాన్యువల్ పట్టికలో 5డబ్ల్యూ-40 కూడా ఉండి, ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే దానికి మారవచ్చు. ముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి పంపేది), వాల్వ్ సీల్స్, లీకులు చూపించండి. వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ లైటు వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపి, గేజ్ పెట్టి ప్రెషర్ కొలిపించాలి. చిక్కటి ఆయిల్ ఆ జబ్బును దాచిపెడుతుంది, అంతే.

జవాబు 3: డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 డీజిల్ వాళ్లు గ్రేడ్ ఒక్కటే చూడకండి. మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ2 లేదా సీ3 అని ఉంటే డబ్బా మీద అదే ఉండాలి. బూడిద ఎక్కువున్న ఆయిల్‌తో ఫిల్టర్ మూసుకుపోతుంది. డిప్‌స్టిక్ పై గీత దాటించకండి, ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది.