రికార్డు అట్టకి ఫ్రేమ్ కట్టించడం తప్పా?

పటమట తమ్ముడు:
మా పెద్దనాన్న వాళ్ల అటక సర్దుతుంటే పదకొండు ఎల్పీ రికార్డులు (పాత పాటల పెద్ద ప్లేట్లు) దొరికాయి. నా దగ్గర ప్లేయర్ లేదు. అట్టల మీద బొమ్మలు చూస్తే వదలబుద్ధి కాలేదు. ఆరింటికి ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించా. 12 అంగుళాల బొమ్మ! ఫోన్లో పాటకి వచ్చే బొమ్మ గోరంత ఉంటుంది. నిన్న పెద్దనాన్న వచ్చి చూసి, "వీణ తీసుకెళ్లి మేకుకి తగిలించావేంట్రా" అన్నారు. అంత తప్పా?

అరండల్‌పేట ముల్లు:
పెద్దాయన తక్కువే అన్నారు తమ్ముడూ. రికార్డుకి అట్ట చొక్కా లాంటిది. మనిషిని వదిలేసి చొక్కాకి దండ వేస్తామా? పైగా మన సినిమా రికార్డుల్లో అంత కళ ఎక్కడుంది? నా దగ్గరున్నవి సగం పైగా ఈపీలు, అంటే 7 అంగుళాల చిన్న రికార్డులు. ఏదో ఒక స్టిల్ కత్తిరించి, పైన సినిమా పేరు వేసేశారు.

వన్‌టౌన్ ఆఫ్‌సెట్:
అలా తీసిపారేయకండి ముల్లు గారూ. ప్రెస్సులో ముప్పై ఏళ్లు చేశాను. నా దగ్గరున్న ఒక అట్టని భూతద్దంతో చూస్తే, హీరోయిన్ పెదవి ఎరుపు గడ్డం మీదకి అర మిల్లీమీటరు జారి ఉంటుంది. రంగు మీద రంగు సరిగ్గా కూర్చోలేదన్నమాట. అప్పట్లో ఇలాంటి షీటు వస్తే మా ఓనరు తిట్టేవాడు, ఇప్పుడదే ముద్దొస్తోంది.
ఎల్పీల కన్నా ముందున్న 78 స్పీడు రికార్డులకైతే మధ్యలో గుండ్రటి కన్నం ఉన్న మామూలు కాగితం కవరే. అమెరికాలో కొలంబియా కంపెనీ కుర్రాడు అలెక్స్ స్టైన్‌వైస్, 1940 ప్రాంతంలో అట్ట మీద బొమ్మ వేద్దామని పట్టుబట్టి ఒప్పించాడు. 1948లో ఎల్పీ వచ్చింది. మన బెజవాడ రేడియో స్టేషన్ మొదలైందీ ఆ ఏడాదే లెండి.

అరండల్‌పేట ముల్లు:
చరిత్ర సరేనండి. నా గొడవ వెనక వైపు గురించి. పల్లవి, పాడినవాళ్లు, రాసినవాళ్లు అన్నీ అక్కడే ఉంటాయి. మన గుంటూరు జిల్లా మనిషి, పాటల రచయిత కొసరాజు పేరు నేను మొదట చదివింది ఒక ఈపీ వెనకే. తమ్ముడు దాన్ని తీసుకెళ్లి గోడకి తిప్పాడు!

బెంజిసర్కిల్ అక్క:
అటక మీద చెదలు తినేదానికన్నా గోడ మీద ఉండటమే నయం. ఇంతకీ లోపలి రికార్డులేవి తమ్ముడూ?

పటమట తమ్ముడు:
న్యూస్ పేపర్లో చుట్టి, మంచం కింద ఒకదాని మీద ఒకటి పేర్చానక్కా.

అరండల్‌పేట ముల్లు:
బెజవాడ మే నెలలో! అప్పడాల్లా వంకర్లు పోతాయయ్యా. ముందు వెళ్లి పుస్తకాల్లా నిలబెట్టు.

పటమట తమ్ముడు:
నిలబెట్టేశా అన్నా. మీ మాట విని ఒక ఫ్రేమ్ విప్పా కూడా. ఫ్రేమ్ కట్టినాయన అట్టని టేపుతో అంటించాడు. పీకితే కాగితం పొర లేచి, రెండో పాట పాడినవాళ్ల పేర్లు టేపుతో పాటే వచ్చేశాయి. మిగతా ఐదూ ముట్టుకోలేదు. టేపు లేకుండా, వెనక తలుపులా తెరుచుకునే ఫ్రేములు గవర్నర్‌పేట వైపు ఎవరైనా చేస్తారా?