టెక్సాస్ బడిలో నిమిషం మౌనం: మావాడికి శిక్ష వేశారు

ప్రశ్న (డాలస్ నుంచి ఒక అమ్మ):
మావాడు మూడో తరగతి, పబ్లిక్ స్కూల్లో. రోజూ పొద్దున అమెరికా జెండాకి ప్రతిజ్ఞ, తర్వాత టెక్సాస్ జెండాకి ఇంకోటి, ఆ వెంటనే నిమిషం మౌనం. ఆ నిమిషంలో వాడు నానమ్మ నేర్పిన 'శుక్లాంబరధరం' లోలోపల చెప్పుకుంటాడు. నిన్న గొంతు పైకి వచ్చేసిందట. పక్క పిల్లలు నవ్వారు. టీచరు రిసెస్‌లో పది నిమిషాలు గోడ దగ్గర నిలబెట్టారు. ఇంటికొచ్చి "దేవుడికి దణ్ణం పెట్టుకుంటే తప్పా అమ్మా?" అన్నాడు. రాత్రంతా నాకు నిద్ర లేదు. ఆ నిమిషం వాణ్ని బయట ఉంచమని రాసివ్వచ్చా?

జవాబు (ఆస్టిన్, సబ్‌స్టిట్యూట్ టీచరు):
తల్లిదండ్రులు రాసిస్తే ప్రతిజ్ఞలు చెప్పక్కర్లేదండీ, మౌనానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. 2003 నుంచీ ఇక్కడి చట్టం ఇదే. ఆ నిమిషం పిల్లలు ఆలోచించుకోవచ్చు, ప్రార్థించవచ్చు, ధ్యానం చేయవచ్చు, పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా నిశ్శబ్దంగా ఇంకేదైనా చేసుకోవచ్చు. అంటే మీవాడి శ్లోకానికి అక్కడ చోటుంది, గొంతు పైకి రాకూడదు, అంతే. ఆ టీచరుకి అది శ్లోకమని తెలిసి ఉండదు, అర్థంకాని గొణుగుడులా వినిపించి ఉంటుంది. నేనైతే భుజం మీద చెయ్యి వేసి ఊరుకునేదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్లాడికి రిసెస్ పోగొట్టడం నాకు నచ్చలేదు. వెళ్ళి మాట్లాడండి.

జవాబు (వర్జీనియా):
ప్రార్థన అనే మాట మీద అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. అలబామాలో మొదట ధ్యానానికి మాత్రమే నిమిషం మౌనం ఉండేది. 1981లో 'స్వచ్ఛంద ప్రార్థన' అని చేర్చారు. బడిలోకి ప్రార్థనని తిరిగి తేవడానికే చేర్చారని 1985లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. టెక్సాస్ చట్టం మీదా కేసు వేశారు, 2009లో అప్పీలు కోర్టు ఆ చట్టం సరైనదే అంది. మౌనంలో ఏం చేయాలో టీచరు చెప్పకూడదు, అసలు పట్టు అక్కడుంది.

జవాబు (రిటైర్డ్ హైస్కూల్ టీచరు, ఒంగోలు):
అమ్మాయీ, ఏటా జనవరి 30న పదకొండింటికి గాంధీ గారి కోసం రెండు నిమిషాలు నిలబెట్టేవాళ్ళం. ఒకసారి ఒక పిల్లాడు దగ్గాడు, చెవి మెలేశాను. వాడికి జ్వరమని మధ్యాహ్నం తెలిసింది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఆ టీచరుకి కూడా మీరు చెబితేనే తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన అమ్మ:
మాస్టారూ, రేపు దింపేటప్పుడే మాట్లాడతాను. శ్లోకం అర్థం ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి వాడి బ్యాగులో పెట్టాను.