అప్‌డేట్: ఏమీ దొంగిలించకపోయినా చొరబాటుకు శిక్ష ఉంటుందా?

మా సర్వర్‌లోకి చొరబడిన వ్యక్తి ఏ సమాచారమూ తీసుకుపోలేదు కాబట్టి అతనిపై కేసు నిలుస్తుందా అని ఇదివరకు అడిగాను. న్యాయవాదిని సంప్రదించాను. అనుమతి లేకుండా ప్రవేశించడమే చాలా దేశాల్లో నేరమని, సైబర్ నేరాలపై దేశాల మధ్య కుదిరిన 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందం కూడా అదే చెబుతోందని ఆయన వివరించారు. బ్రిటన్‌లో 1990 నాటి చట్టం ప్రకారం కేవలం చొరబాటుకు గరిష్ఠంగా 2 ఏళ్లు, కంప్యూటర్ పనితీరును దెబ్బతీస్తే 10 ఏళ్లు, మనుషుల ప్రాణాలకే ముప్పు తెచ్చేంత తీవ్రమైన దాడి అయితే యావజ్జీవం వరకు జైలు శిక్ష పడవచ్చు.

నాకు బాగా ధైర్యాన్నిచ్చింది మాత్రం రాబర్ట్ మోరిస్ కేసు. 1988లో ఇంటర్నెట్‌లోకి వర్మ్ (ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్) వదిలిన అతనికి అమెరికా కోర్టు 1990లో 3 ఏళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణ), 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది. నష్టం చేయాలన్న ఉద్దేశాన్ని రుజువు చేయనక్కరలేదని, అనుమతి లేని ప్రవేశం ఉద్దేశపూర్వకమైతే చాలని 1991లో అప్పీలు కోర్టు తేల్చింది.

తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకు అడ్మిన్ ఖాతాతో నమోదైన ఆ చొరబాటుదారుడి లాగిన్ వివరాన్ని చెరపకుండా, సర్వర్ డిస్క్ నకలుతో సహా ఫిర్యాదుకు జతచేశాను. నిన్న కేసు నమోదైంది.