బెంగళూరులో మా మదనపల్లి టైపు చైనీస్ హోటల్ ఎక్కడైనా ఉందా?

మదనపల్లి టమాటా

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం వింతగా ఉంటుంది, తిట్టకండి. వచ్చే నెల మా నాన్నకి అరవై నిండుతున్నాయి. ఊళ్ళో షష్టిపూర్తి అయ్యాక ఓ వారం ఇక్కడ కేఆర్ పురంలో మా ఇంట్లో ఉంటారు. ఏం కావాలి నాన్నా అంటే "ఒక పూట చైనీస్ తిందాం, కానీ మన హోటల్ లాంటిది చూడు" అన్నాడు.

మన హోటల్ అంటే, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా ఊళ్ళో ఆరు టేబుళ్ళ చైనీస్ హోటల్ ఒకటి ఉండేది. నడిపేది చైనావాళ్ళేం కాదు, మా పక్క వీధివాళ్ళే. ఆయన బెంగళూరులో ఏదో పెద్ద చైనీస్ హోటల్ కిచెన్‌లో పన్నెండేళ్ళు చేసి, సొంతూరొచ్చి పెట్టుకున్నాడు. వాళ్ళావిడ గల్లాపెట్టె దగ్గర. పిల్లలిద్దరూ చివరి టేబుల్ మీద హోంవర్క్ రాసుకుంటూ ఉండేవాళ్ళు, జనం ఎక్కువైతే పుస్తకాలు ఎత్తుకుని గల్లా వెనక్కి పోయేవాళ్ళు. నాన్నకి జీతం వచ్చాక మొదటి ఆదివారం మేం నలుగురం వెళ్ళేవాళ్ళం. నాకూ నాన్నకీ చికెన్ స్వీట్ కార్న్ సూప్ వన్ బై టూ, అమ్మకీ చెల్లికీ వెజ్‌ది వన్ బై టూ, తర్వాత రెండు ఫ్రైడ్ రైస్‌లు, ఒక గోబీ మంచూరియా. టేబుల్ మీద వెనిగర్‌లో పచ్చిమిరపకాయ ముక్కలు తేలే సీసా ఉండేది. నాన్న అందులోంచి లెక్కపెట్టి మూడు స్పూన్లు సూప్‌లో వేసుకునేవాడు, రెండు కాదు నాలుగు కాదు. ఆ హోటలాయన పోయాక హోటల్ మూసేశారు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ షాపు ఉంది.

పోయినసారి నాన్న వచ్చినప్పుడు గొప్పకి పోయి ఒక మాల్‌లో పెద్ద చోటికి తీసుకెళ్ళా. వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికించినవి నాలుగొచ్చాయి, "వినాయకచవితి ముందే వచ్చిందేందిరా" అన్నాడు. అమ్మకి చెప్పిన వెజ్ ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు ముక్క తగిలింది. ఆ రోజు శనివారం. అమ్మ ఏమీ అనలేదు, ప్లేటు పక్కకి జరిపి మంచినీళ్ళు తాగింది. బిల్లు సంగతి నాన్న ఊరెళ్ళేదాకా ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు.

అందుకని అడుగుతున్నా. ఎలాంటి చోటు చూడాలి, వెళ్ళి ఏం చెప్పాలి? ఇంకోటి, ఆ ఫ్రైడ్ రైస్ రుచి ఇంట్లో చస్తే రాదు, ఎందుకు? టేస్టింగ్ సాల్ట్ వేస్తేనే వస్తుందని అమ్మ, అది విషమని నా భార్య, మధ్యలో నేను.

మంటమాస్టర్

బ్రో, నేను చైనీస్ కిచెన్‌లో ఎనిమిదేళ్ళు చేశా, ఇప్పుడు వేరే పనిలో ఉన్నా. నీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తా.

మొదటిది మంట. హోటల్లో బర్నర్ వెలిగిస్తే పక్కవాడి మాట వినపడదు, ఇంటి స్టవ్‌కి ఎన్నో రెట్లు ఉంటుంది. కడాయిలో నూనె పొగ లేచాకే అన్నం పడుతుంది, రెండు మూడు నిమిషాల్లో ప్లేటులోకి పోతుంది. ఇంట్లో ఆ మంట రాదు కాబట్టి ఒకేసారి నలుగురికి వేయకు. ఒకళ్ళకి సరిపడా వేసి, తీసి, మళ్ళీ వెయ్యి. ఎక్కువ పోస్తే కడాయి చల్లబడి కూరగాయలు నీళ్ళు వదులుతాయి, అప్పుడది ఫ్రైడ్ రైస్ కాదు, సోయా సాస్ వేసిన ఉప్మా.

రెండోది అన్నం. కాస్త పలుకు ఉండగానే గంజి వార్చేసి, వెడల్పు ట్రేలో పరిచి ఆరనిచ్చి ఫ్రిజ్‌లో పెడతాం, మర్నాడు వాడతాం. రాత్రంతా బయట వదిలేయకండి దయచేసి. వండిన అన్నం బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా చేరి విషం తయారుచేస్తుంది, మళ్ళీ వేడి చేసినా అది పోదు. చిన్న ఊళ్ళలో బాస్మతి వాడరు, పాత సోనా మసూరే. ఆ తేడా కూడా నీ నాలుకకి గుర్తుండి ఉంటుంది.

మూడోది ఎవరూ చెప్పరు. తెల్ల మిరియాల పొడి. నల్లవి కాదు, తెల్లవి. హోటల్ ఫ్రైడ్ రైస్ టేబుల్ మీదికి రాగానే ముక్కుకి తగిలే ఘాటు సగం దానిదే. ఇంట్లో అందరూ నల్ల మిరియాలు దంచి వేసి, ఆ వాసన రాలేదని సోయా సాస్ ఇంకాస్త పోస్తారు.

అమ్మ విషయం జాగ్రత్త. చాలా చోట్ల వెజ్ సూప్ అని రాసినా అడుగున ఉండేది చికెన్ స్టాక్, అంటే కోడి ఉడికించిన నీళ్ళు. మంచూరియా పిండిలో గుడ్డు కలిపేవాళ్ళున్నారు, వెజ్ గ్రేవీలో ఆయిస్టర్ సాస్ పోసేవాళ్ళున్నారు, అది ఆల్చిప్పల నుంచి తీసేది. కడాయి కూడా అదే, మధ్యలో ఒక గరిటె నీళ్ళు పోసి బ్రష్‌తో గీకడమే. "వెజ్" అంటే చాలదు, ఈ నాలుగూ విడివిడిగా అడుగు. మీ ఊరి హోటల్లో అమ్మ తాగిన సూప్ సంగతి మాత్రం ఇప్పుడు తవ్వకు, వదిలెయ్.

సిల్క్‌బోర్డ్ బాధితుడు

పేర్లు చెప్పను అన్నా. పోయినసారి ఇలాగే ఒకళ్ళకి ఒక హోటల్ పేరు చెప్తే వెళ్ళొచ్చి నన్ను నెల రోజులు తిట్టారు. గుర్తులు చెప్తా.

మెనూలో నార్త్ ఇండియన్, సౌత్ ఇండియన్, తందూర్, చైనీస్ నాలుగూ ఉంటే చైనీస్‌కి ఒక కుర్రాడే ఉంటాడు, వాడు కూడా పోయిన వారం చేరినవాడు. లామినేషన్ చేసిన ఒక్క అట్ట, గల్లా దగ్గర ఓనరో వాళ్ళావిడో, కిచెన్‌లోంచి బర్నర్ మోత బయటికి వినపడాలి. టేబుల్ మీద వెనిగర్ సీసా లేకపోతే లేచి వచ్చెయ్. ఆదివారం రాత్రి వెళ్ళకు, పార్సిల్ ఆర్డర్లతో కిచెన్ ఊపిరాడకుండా ఉంటుంది. మామూలు రోజు ఏడింటికల్లా కూర్చో, ఓనర్ నీ టేబుల్ దగ్గరికొచ్చి మాట్లాడే తీరిక ఉంటుంది.

మంచూరియా ఎర్రగా మెరిసిపోతుంటే వద్దు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది. 171 శాంపిళ్ళు తీస్తే 107 పనికిరానివని తేలింది. అయినా కొన్ని బండ్ల మీద ఇప్పటికీ సిగ్నల్ లైటులా వెలుగుతుంటుంది. ముదురు గోధుమ రంగులో ఉంటే తినొచ్చు.

పెరంబూరు అక్క

మాది చెన్నై. చైనీస్ కాని చైనీస్ అని అందరూ ఎగతాళి చేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఈ తిండికి ఒక ఊరుంది, ఒక కథ ఉంది. కలకత్తా దగ్గర అచీపూర్ అని ఉంది, 18వ శతాబ్దం చివర్లో అక్కడ చక్కెర మిల్లు పెట్టిన చైనా ఆయన పేరు మీదే ఆ ఊరి పేరు. తర్వాత చైనా నుంచే హక్కా అనే జాతివాళ్ళు వచ్చి కలకత్తాలోని టాంగ్రాలో తోళ్ళ పని పెట్టుకున్నారు, హక్కా నూడుల్స్‌లో హక్కా వాళ్ళే. ఇళ్ళలో వండుకునేది మనవాళ్ళ కోసం కారం పెంచి అమ్మారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చేసరికి దాదాపు 3,000 మందిని, ఇక్కడే పుట్టినవాళ్ళతో సహా, రాజస్థాన్‌లోని దేవ్లీ క్యాంపులో పెట్టారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించుకున్నవాళ్ళ తిండి ఇది.

మంచూరియా అయితే చైనాదే కాదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటాయన 1975లో ముంబయి క్రికెట్ క్లబ్‌లో చేశాడంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన కూరకి వేసినట్టే వేసి, గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ పోశాడు. మీ నాన్నగారికి అది మన హోటల్ అనిపించడంలో తప్పేముంది, అది మన పోపే కదా.

మా ఊళ్ళో పాత చైనా కుటుంబాలవాళ్ళు పళ్ళ డాక్టర్లు కూడా, ఈవినింగ్ బజార్ వైపు బోర్డులు కనిపించేవి. మా తాతయ్య కట్టుడు పళ్ళు అక్కడే కట్టించుకున్నాడు. సంబంధం లేని విషయమే, గుర్తొచ్చింది రాశా.

మదనపల్లి టమాటా

అందరికీ థాంక్స్. తెల్ల మిరియాలు ఇవాళే తెస్తా. టేస్టింగ్ సాల్ట్ తీర్పు ఎవరైనా చెప్పండి, ఇంట్లో టెన్షన్ తగ్గలేదు.

కెమిస్ట్రీ మేడం

నీ పేరులోనే జవాబుంది బాబూ. టేస్టింగ్ సాల్ట్‌లో రుచినిచ్చే గ్లుటమేట్ బాగా పండిన టమాటాలో సహజంగానే దండిగా ఉంటుంది, పప్పులో టమాటా వేస్తే రుచి పెరగడానికి అదొక కారణం. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే ప్రొఫెసర్, కొంబు అనే సముద్రపు నాచు వేసిన చారు ఎందుకంత రుచిగా ఉంటుందా అని వెతికి దీన్ని పట్టుకున్నాడు. అజినొమోటో అనేది దాన్ని అమ్మిన కంపెనీ పేరు. ఇప్పుడు చెరకు మొలాసిస్ లాంటివాటిని పులియబెట్టి తీస్తారు.

విషమన్న మాట 1968లో అమెరికాలో మొదలైంది. చైనీస్ హోటల్లో తిన్నాక మెడ వెనక తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని, కారణం టేస్టింగ్ సాల్టో ఇంకోటో అయ్యుండొచ్చని ఒక డాక్టర్ మెడికల్ జర్నల్‌కి ఉత్తరం రాశాడు. అందులో అనుమానం మాత్రమే ఉంది, పేరు మాత్రం ఊరంతా పాకింది. ఖాళీ కడుపున ఒకేసారి 3 గ్రాములో అంతకు మించో తీసుకుంటే కొందరికి తలనొప్పి లాంటివి రావచ్చు. ఫ్రైడ్ రైస్ ప్లేటులో చిటికెడు పడితే ఏం కాదు. ఇందులో సోడియం 12 శాతం, మామూలు ఉప్పులో 39. నాన్నగారికి బీపీ ఉంటే చూడాల్సింది ఉప్పూ సోయా సాసూ. నీ భార్యకి నా పేరు చెప్పకుండా చెప్పు.

సీమ కారం

ఇంత రాశారు గానీ అసలు పని ఎవరూ చెప్పలేదేందబ్బా. ఆ హోటల్ పిల్లలు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోరా ముందు. మదనపల్లి వాళ్ళు సగం మంది బెంగళూరులోనే కదా ఉండేది.

మదనపల్లి టమాటా

సీమ కారం అన్నా, నీకు దండం. ఊళ్ళో మా చిన్నాన్నని అడిగితే నంబర్ దొరికింది. పెద్దబ్బాయి హోస్కోటలో ఉన్నాడు, సాఫ్ట్‌వేర్, కోడిగుడ్డు కూడా కొట్టడం రాదంట. కానీ వాళ్ళమ్మ ఆయన దగ్గరే ఉంటోంది. ఫోన్ ఆమెకిచ్చాడు. నేను పేరు చెప్పినా గుర్తు పట్టలేదు, వీధి చెప్పినా పట్టలేదు. "సూప్‌లో మూడు స్పూన్లు వెనిగర్ వేసుకునే సారు కొడుకువా?" అంది.

హోటల్ వెతకొద్దు, అందరూ మా ఇంటికే రండి అంది. బర్నర్ లేదు, మామూలు స్టవ్ మీదే చేస్తుందంట, నువ్వు చెప్పినట్టే ఒక్కొక్క ప్లేటు విడిగా, మంటమాస్టర్. బాస్మతి తేవద్దని రెండుసార్లు చెప్పింది. అమ్మ సూప్ సంగతి ఆగలేక అడిగేశా. "మీ అమ్మ శనివారాలు చేసే మనిషని మా ఆయనకి తెలుసు, ఆమెకి వేరే గిన్నె, మొక్కజొన్న ఉడికించిన నీళ్ళతోనే" అంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.