సూర్యుడి వైపు మిషన్ పెట్టి గాల్లో గ్యాసులు ఎలా కొలుస్తారు? సెమినార్ డౌట్

బ్రాడీపేట_బుజ్జి:
నమస్తే అండి అందరికీ. గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ సెకండియర్ నేను. సెమినార్‌కి మా సార్ ఇచ్చిన టాపిక్ ఏంటంటే, నేల మీద స్పెక్ట్రోమీటర్ (వెలుగుని రంగులుగా విడదీసి కొలిచే మిషన్) పెట్టి సూర్యుడి ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని) వెలుగు పట్టుకుని అందులోంచి గాల్లో మీథేన్ ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత అని లెక్క తీయడం. రెండ్రోజుల్నుంచి చదువుతున్నా, సగమే బుర్రకెక్కింది. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నాడు, ఆ వెలుగు తగ్గింది అక్కడ తగ్గిందో మన గాల్లో తగ్గిందో ఎలా చెప్తారసలు? ఇంకోటి, ఫోన్లో ఏక్యూఐ (గాలి కాలుష్యం అంకె) వస్తుంది కదా, అది చాలదా? మా బాబాయ్‌ని అడిగితే "ఎండ కొలవడానికి మిషన్ దేనికిరా, మే నెల్లో పట్నంబజార్లో పది నిమిషాలు నుంచో, తెలిసిపోద్ది" అన్నాడు. నవ్వకుండా ఎవరైనా చెప్పండి ప్లీజ్, సోమవారమే సెమినార్.

పటమట_మాస్టారు:
బాబూ, మొదటి డౌట్ మంచిది. మధ్యలో అన్ని కోట్ల కిలోమీటర్లున్నా అదంతా దాదాపు ఖాళీయే, వెలుగుని మింగే సరుకు ఉన్నది రెండే చోట్ల, సూర్యుడి పైపొరల్లో, మన నెత్తిమీద. వెలుగుని విడదీసి పరిస్తే వచ్చే పట్టీయే స్పెక్ట్రమ్, గ్యాస్ వెలుగుని మింగిన చోటల్లా అందులో ఒక గీత పడుతుంది. పొద్దున ఏడింటికి ఒక స్పెక్ట్రమ్, మిట్టమధ్యాహ్నం ఒకటి తీసి పక్కపక్కన పెట్టు. పొద్దున వెలుగు ఏటవాలుగా వస్తుంది కాబట్టి మన గాల్లో ఎక్కువ దూరం నడవాలి, మన గ్యాసుల గీతలు లోతుగా పడతాయి, మధ్యాహ్నానికి పల్చబడతాయి. సూర్యుడి సొంత గీతలు రెండు పూటలా ఒకేలా ఉంటాయి, మన గడియారంతో వాటికేం పని. ఇక ఏ గ్యాస్ ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత మింగుతుందో హైట్రాన్ అనే డేటాబేస్‌లో ఉంటుంది, దాంతో పోల్చి లెక్క తీస్తారు.

నాకు బాగా నచ్చేది గీత వెడల్పు. నేల దగ్గర ప్రెజర్ ఎక్కువ, అణువులు గుద్దుకుంటూ ఉంటాయి, గీత వెడల్పవుతుంది. 30 కిలోమీటర్ల పైన ప్రెజర్ ఇక్కడిదాంట్లో వందో వంతు, అక్కడి గ్యాస్ గీత సన్నగా సూదిలా ఉంటుంది. మనకి కనపడేది ఇవన్నీ కలిసిన ఆకారం, వెడల్పాటి గుంట నడిమధ్య సూది దిగినట్టు. దాన్ని విప్పితే కింద ఎంత, పైన ఎంత అని తెలుస్తుంది, కొంతవరకే లే, అపార్ట్‌మెంట్ అంతస్తులు లెక్కపెట్టినట్టు కాదు. బోర్డు మీద ఈ ఒక్క బొమ్మ గియ్యి, సగం సెమినార్ అయిపోయినట్టే.

స్కాన్_పోయింది:
బయట దేశంలో ఒక ల్యాబ్‌లో ఏడాదిపాటు ఈ పనే చేశా, మాది బెజవాడే. డాబా మీద ట్రాకర్ అద్దాలు సూర్యుడి వెంటే తిరుగుతూ వెలుగుని కింద గదిలోకి దింపుతాయి. లోపల ఉన్నది మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటరే (వెలుగుని రెండు పాయలు చేసి మళ్ళీ కలిపేది), నువ్వు ప్రాక్టికల్స్‌లో చేసిందే, కాకపోతే పెద్ద మిషన్లో అద్దం మీటరు పైనే కదులుతుంది. పొద్దున్నే వెళ్ళి డిటెక్టర్ చల్లబడ్డానికి అందులో గరాటు పెట్టి లిక్విడ్ నైట్రోజన్ పోయాలి, తొందరపడ్డామా బుస్సున చిందుతుంది, తెల్లటి పొగ చొక్కా చేతుల్లోకి ఎక్కుతుంది. అంతా చేసి స్కాన్ మొదలెట్టాక అరచేతంత మబ్బు అడ్డమొస్తే చాలు, సిగ్నల్ గోతిలో పడినట్టు జారిపోద్ది, మళ్ళీ మొదటికి. నా పేరు చూశావుగా.

ఏక్యూఐ సంగతి. ఆ మీటర్ చూసేది మన ముక్కు ఎత్తులో గాలి, ఇది చూసేది నేల నుంచి పైదాకా నిలువు స్తంభం మొత్తం. చలికాలం పొద్దున బందరు కాలవ గట్టు మీద పొగ కిందే పరుచుకుని ఉంటుంది చూడు, అప్పుడు మీటర్ ఎగురుతుంది, పదింటికి ఎండెక్కి గాలి కలిసిపోతే దిగిపోతుంది. స్తంభం లెక్క పెద్దగా మారదు, ఉన్న సరుకే పైకీ కిందకీ సర్దుకుంది అంతే. శాటిలైట్ చూసేదీ స్తంభాన్నే కాబట్టి దాని లెక్క సరిచూసుకోడానికి ఈ మిషన్లే దిక్కు. 2004లో అమెరికాలో పార్క్ ఫాల్స్ దగ్గర మొదలైన టీకాన్ అనే, ఇలాంటి మిషన్ల నెట్‌వర్క్ వాళ్ళు ఆక్సిజన్ కూడా పక్కనే కొలుస్తారు, గాల్లో అది 20.95 శాతం అని ఖాయం కాబట్టి దాంతో భాగిస్తే మిషన్ తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి, కాటాలో తెలిసిన రాయి వేసి చూసుకున్నట్టు.

తెనాలి_మాగాణి:
మధ్యలో దూరుతున్నా. మా డెల్టాలో వరి మడుల్లోంచి మీథేన్ వస్తుందంటారు కదా, ఇందులో కనపడుద్దా? ఒక మిషన్ మా చేలో పెడితే?

స్కాన్_పోయింది:
ఒకటి చాలదు అన్నా. మీథేన్ ఎక్కడైనా 1.9 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 1.9 పాళ్ళు) చుట్టుపక్కల ఉంటుంది, మీ చేను కలిపేది దాని మీద చిటికెడు. గాలి వచ్చే వైపొకటి, పోయే వైపొకటి పెట్టి తేడా తీయాలి. 2014లో బెర్లిన్ చుట్టూ ఐదు చిన్న మిషన్లు పెట్టి ఇలాగే చేశారు, ఈఎం27 సన్ అంటారు, పాతిక కేజీలుంటుంది, కారు డిక్కీలో పడుతుంది. షాద్‌నగర్‌లో ఎన్ఆర్ఎస్సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ సెంటర్) వాళ్ళు కూడా వాడారు. మనకి అసలు తలనొప్పి ఏంటంటే సార్వాలో మడి నిండా నీళ్ళు నిలబెట్టేదీ మబ్బు కమ్మేదీ ఒకే నెలల్లో, మీథేన్ జోరుగా వచ్చే రోజుల్లోనే సూర్యుడు మొహం చాటేస్తాడు. పైగా తేమ, నీటి ఆవిరి ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా మింగేస్తుంది. అది తప్పించుకోడానికే 1950, 51 లోనే స్విట్జర్లాండ్ యుంగ్‌ఫ్రౌయోఖ్ మీద 3580 మీటర్ల ఎత్తున ఈ కొలతలు మొదలెట్టారు.

అరండల్‌పేట_అట్లాస్:
స్విట్జర్లాండ్ దాకా దేనికండీ, సూర్యుడి స్పెక్ట్రమ్‌కి మన గుంటూరు పాత చుట్టం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ పట్టుకుని ఇక్కడికే వచ్చాడు. హీలియం పుట్టిల్లు మనది!

పటమట_మాస్టారు:
కొంచెం ఆగండి, గుంటూరు అంటే నాకూ ఇష్టమే గానీ. ఆ గ్రహణంలో జాన్సెన్‌కి దొరికిన అసలు సంగతి, సూర్యుడి అంచున లేచే జ్వాలల్ని గ్రహణం లేకపోయినా స్పెక్ట్రోస్కోప్‌తో చూడొచ్చని, మర్నాడే చూశాడు కూడా. సూర్యుడి స్పెక్ట్రమ్‌లో హీలియం వల్ల పడే పసుపు గీత కొత్త మూలకానిదని తేల్చింది లాకియర్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త, భూమ్మీద హీలియం దొరికింది 1895లో రామ్సే అనే కెమిస్ట్‌కి. కానీ బుజ్జికి పనికొచ్చేది వేరే ఉంది. గుంటూరు రాకముందే 1864లో ఇదే జాన్సెన్ జెనీవా సరస్సు దగ్గర కట్టెలతో పెద్ద మంట పెట్టించి 20 కిలోమీటర్ల పైన దూరం నుంచి స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. మంటలో లేని గీతలు మధ్య గాలి వల్ల వచ్చాయి. అంటే నీ మొదటి డౌట్‌కి జవాబు అప్పుడే వెతికాడు.

బ్రాడీపేట_బుజ్జి:
మాస్టారూ ఫస్ట్ స్లైడ్ దొరికేసింది, థాంక్స్ అండి అందరికీ. సూది బొమ్మ కూడా గీసి పెట్టుకున్నా. గుంటూరు ఎండలో ఫ్రాన్స్ ఆయన కూడా నుంచున్నాడు బాబాయ్ అని చెప్తే, "ఆగస్టులో వచ్చాడు కాబట్టి బతికిపోయాడు" అన్నాడు.