చీమకుర్తిలో ఎలక్ట్రీషియన్‌ని, కెనడా పీఆర్‌కి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు లేవు, ఏం చేయాలి?

చీమకుర్తి_ఎలక్ట్రికల్:
అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి, నాకు 33 ఏళ్లు. ఒంగోలులో పాలిటెక్నిక్ చదివి ఎలక్ట్రికల్ డిప్లొమాతో తొమ్మిదేళ్లుగా గ్రానైట్ ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చేస్తున్నాను. కటింగ్ మెషిన్ల మోటార్లు, ప్యానెల్ బోర్డులు, క్రేన్లు అన్నీ చూస్తాను, అర్ధరాత్రి మోటార్ కాలినా ఫోన్ నాకే వస్తుంది. పని బాగా వచ్చు, కాగితాలే లేవు. మొదటి ఐదేళ్లు జీతం చేతికిచ్చారు, స్లిప్పు లేదు, పీఎఫ్ లేదు, ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. గత నాలుగేళ్లది మాత్రం బ్యాంకులో పడుతోంది.

నా భార్య నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. బీఎస్సీ నర్సింగ్, 28 ఏళ్లు, ఐదేళ్ల సర్వీసు. పాపకి మూడేళ్లు, కావలిలో మా అత్తమ్మ దగ్గర పెరుగుతోంది. ముగ్గురం మూడు ఊళ్లలో ఉంటున్నాం. శనివారం రాత్రి నేను రైలెక్కి కావలి పోతే ఆదివారం ఆమెకి డ్యూటీ పడుతుంది. ఎక్కడికైనా పోయి ఒకచోట బతకాలని ఈ పీఆర్ (శాశ్వత నివాసం) ఆలోచన.

నెల్లూరులోనే ఒక కన్సల్టెన్సీకి వెళ్తే మూడున్నర లక్షలు అడిగారు, తొమ్మిదేళ్లకీ లెటర్లు, జీతం స్లిప్పులు మేమే పుట్టిస్తాం, మీరు సంతకం పెడితే చాలన్నారు. వారంలో 50 వేలు అడ్వాన్సు కట్టాలంట. మా నాన్న కందుకూరు దగ్గరున్న ఎకరన్నర అమ్మేద్దాం అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

గూడూరు_వాసి:
అన్నా, ఆ అడ్వాన్సు కట్టొద్దు. మా చిన్నాన్న కొడుకు ఇదే చేశాడు. పని చేయని కంపెనీలో మూడేళ్లు చేసినట్టు లెటర్ పెట్టారు, వీసా ఆఫీసు నుంచి లెటర్ మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తినాయనకి మావాడి పేరే తెలియదు. ముందు సంజాయిషీ అడిగారు, తర్వాత రిజెక్ట్ చేశారు, దాంతో పాటు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 5 ఏళ్ల నిషేధం. భార్యాబిడ్డలదీ అదే ఫైలు కాబట్టి వాళ్లదీ పోయింది. కన్సల్టెన్సీవాళ్లని అడిగితే కాగితాల మీద సంతకం మీదే కదా అన్నారు. ఆ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కావలి_నర్సక్క:
తమ్ముడూ, నాది కావలే, ఎనిమిదేళ్లుగా ఒంటారియోలో నర్సుని. అసలు ఫైలు నీ పేరు మీద ఎందుకు పెడుతున్నావు? మీ ఆవిడ పేరు మీద పెట్టు.

పాయింట్లు లెక్కేసి పీఆర్‌కి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో భార్యాభర్తల్లో ఎవరైనా ప్రధాన అభ్యర్థి కావచ్చు. మన ఇళ్లలో మగవాళ్ల పేరే ముందు రాయడం అలవాటు, అక్కడ అలాంటిదేమీ లేదు. లెక్క చూడు. పెళ్లయినవాళ్లకి 20 నుంచి 29 ఏళ్ల దాకా వయసుకి 100 పాయింట్లు, 30 నుంచి ఏడాదికి 5 చొప్పున తగ్గుతాయి, నీకు 80కి వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ, దానికి 112, నీ డిప్లొమాకి అంత రాదు. పైగా 2023 నుంచి హెల్త్‌కేర్ వాళ్లకి విడిగా డ్రాలు తీస్తున్నారు, అంటే వాళ్లలో ఎక్కువ పాయింట్లున్నవాళ్లని ఎంచి పిలుస్తారు.

ఇంకో సంగతి బాగా విను. ఆమె ప్రధాన అభ్యర్థి అయితే భర్తగా నీకు పాయింట్లు ఇచ్చేది నీ చదువుకి, నీ ఇంగ్లిషుకి, కెనడాలో ఏదైనా పని చేసి ఉంటే దానికి, అంతే. ఇండియాలో నువ్వు తొమ్మిదేళ్లు చేసినా తొంభై ఏళ్లు చేసినా ఆ లెక్కలోకి రాదు. అంటే ఏ దొంగ లెటర్ల కోసం నిన్ను లక్షలు అడుగుతున్నారో వాటివల్ల ఒక్క పాయింటూ పెరగదు, ప్రమాదం మాత్రం ముగ్గురి మీదా పడుతుంది. గత పదేళ్లు ఎక్కడ ఏం చేశావో నువ్వు కూడా ఫారంలో రాయాలి, ఉన్నది ఉన్నట్టు రాయి. మూతపడిన ఫ్యాక్టరీ అని రాయి, చేతికి జీతం ఇచ్చారని రాయి. అందులో నీ తప్పేం లేదు.

కష్టమంతా ఇంగ్లిషు పరీక్షలోనే ఉంది. ఐఈఎల్‌టీఎస్‌లో జనరల్ ట్రైనింగ్ రాయాలి, అకడమిక్ పనికిరాదు. లిజనింగ్ 8, మిగతా మూడూ 7 తెచ్చుకుంటే కెనడావాళ్ల భాషా స్థాయి లెక్కలో సీఎల్‌బీ 9 అంటారు. అన్నిట్లో 6 వస్తే సీఎల్‌బీ 7. మీ ఆవిడ విషయంలో ఈ రెంటికీ మధ్య తేడా 89 పాయింట్లు. భాషకే 52, చదువునీ అనుభవాన్నీ భాషతో కలిపి ఇచ్చే పాయింట్లలో ఇంకో 37. నాలుగింట్లో ఒక్కటి తగ్గినా ఆ 37 రావు, నాకు మొదటిసారి రైటింగ్ 6.5 వచ్చి అలాగే పోయాయి, ఆ రోజంతా ఏడ్చాను.

పామూరు_మాస్టారు:
బాబూ, పొలం గురించి ఒక మాట. అక్కడ బతకడానికి మన దగ్గర డబ్బుందని చూపించాలి, ఆ నిధుల కింద భూమి విలువ చూపిస్తే ఒప్పుకోరు, అప్పు తెచ్చి ఖాతాలో వేసినా ఒప్పుకోరు. బ్యాంకు ఇచ్చే లెటర్‌లో ఆరు నెలల సగటు నిల్వ కూడా ఉండాలి. ఎంత చూపించాలనేది ఏటా మారుస్తారు, మీ లెక్క ముగ్గురికి. అమ్మాల్సి వస్తే రిజిస్ట్రేషన్ కాగితాలతో సరిగ్గా అమ్మి బ్యాంకులో వేసుకోవచ్చు, కానీ అమ్మాయి స్కోరు చేతికి రాకముందే అమ్మకండి. పొలం పోతే మళ్లీ కొనలేం, నేను చూశాను అలాంటివాళ్లని.

కన్సల్టెంటే కావాలనుకుంటే, డబ్బు తీసుకుని కెనడా ఫైలు నడిపేవాళ్లు అక్కడి లాయర్లన్నా అయి ఉండాలి, లేకపోతే కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్సన్నా ఉండాలి. ఆ కాలేజీ వెబ్‌సైట్లో పేరు కొడితే తెలిసిపోతుంది. ప్రొఫైల్ పెట్టడానికి ప్రభుత్వానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

చీమకుర్తి_ఎలక్ట్రికల్:
అక్కా, మాస్టారూ, అన్నా, అందరికీ దండాలు. ఆమె పేరు మీద పెట్టొచ్చని ఇన్ని రోజులు ఎవరూ చెప్పలేదు. నేను కూడా ఐఈఎల్‌టీఎస్ రాయాలా? సీఎల్‌బీ 9 వస్తే సరిపోతుందా?

కావలి_నర్సక్క:
నువ్వూ రాయి. భర్త ఇంగ్లిషుకి సీఎల్‌బీ 7 అయితే 12, 9 అయితే 20 ఇస్తారు. నీ డిప్లొమాకి కూడా ఈసీఏ చేయించు, అంటే మన చదువు కెనడాలో దేనికి సమానమో తేల్చే రిపోర్టు.

సరిపోతుందా అంటే అబద్ధం చెప్పను. వయసు 100, చదువు 112, సీఎల్‌బీ 9కి 116, కలిపి ఇచ్చేవి 75, మొత్తం 403. నీవైపు నుంచి ఇంకో 20 చుట్టుపక్కల. 2024 ఫిబ్రవరిలో హెల్త్‌కేర్ డ్రా కటాఫ్ 422కే వచ్చింది, కానీ 2025లో 460 కిందికి దిగలేదు. కాబట్టి ఒక్క డ్రానే నమ్ముకుని కూర్చోవద్దు. ఏదైనా ప్రావిన్స్ (అక్కడి రాష్ట్రం) నామినేట్ చేస్తే 600 కలుస్తాయి, నర్సుల కోసం చూసే ప్రావిన్సులు ఉన్నాయి, వాటి షరతులు ఒక్కోటి చదవండి. ఫ్రెంచ్ నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి సీఎల్‌బీ లాంటిది) 7 తెచ్చుకుంటే ఇంకో 50 అదనం, కష్టమే గానీ నాతో పనిచేసే కేరళ అమ్మాయి నైట్ డ్యూటీలు చేస్తూనే నేర్చుకుంది.

పీఆర్ వచ్చినంత మాత్రాన నర్సుగా చేరలేరు, అది వేరే దారి. నర్సుల లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పాసవ్వాలి, పని చేసే ప్రావిన్స్‌లో రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. ఆ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు, ఇప్పుడే మొదలుపెట్టమను.

నెల్లూరు_సిస్టర్:
అక్కా, ఆయన భార్యని. ఇదంతా బ్రేక్‌లో చదివాను. మా హెచ్‌ఆర్ ఇచ్చే లెటర్‌లో పోస్టు పేరు, తేదీలు తప్ప ఏమీ ఉండవు. అది చాలదా?

కావలి_నర్సక్క:
చాలదమ్మా. లెటర్‌హెడ్ మీద నువ్వు చేసే పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం, తేదీలు, సంతకం, ఫోన్ నంబరు అన్నీ ఉండాలి. పనులు నీ మాటల్లో రాసుకుని మేట్రన్‌కి చూపించు, వెబ్‌సైట్లో ఉన్న వాక్యాలు ఎత్తి రాయొద్దు. హెచ్‌ఆర్ ఒప్పుకోకపోతే మేట్రన్ దగ్గర లెటర్ తీసుకుని, అపాయింట్‌మెంట్ ఆర్డర్, స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేసి, ఎందుకు దొరకలేదో ఒక పేజీ రాసి పెట్టు. అన్నిటికంటే ముందు నీ ఈసీఏ కోసం విజయవాడ హెల్త్ యూనివర్సిటీలో ట్రాన్స్‌క్రిప్ట్‌కి (మార్కుల పూర్తి వివరాలు) అప్లై చేయి, సీల్డ్ కవర్‌లో వాళ్లే పంపాలి, టైం పడుతుంది. సర్టిఫికెట్లలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా ఈ రాత్రికే చూసుకో.

నెల్లూరు_సిస్టర్:
పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీలో అక్షరం మాత్రమే ఉంది అక్కా, దానికి ఏం కావాలో కనుక్కుంటాను. మంగళవారం నాకు ఆఫ్, విజయవాడ వెళ్తున్నా. అడ్వాన్సు కట్టొద్దని ఆయనకి చెప్పేశాను, పొలం మాట మామయ్యతో నేనే మాట్లాడతాను.