ఇంగ్లీష్ క్లాసులో ప్రపంచ వార్తలు చర్చించాలా, పాఠానికే పరిమితం కావాలా?

భీమవరం వైపు ఇంగ్లీష్ టీచర్

జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీష్ చెప్తాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లు రొయ్యల చెరువుల మీదే నడుస్తాయి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ వార్తను ఇంగ్లీష్ పేపర్లోంచి కత్తిరించి క్లాసుకు పట్టుకెళ్లాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు లేచి మాట్లాడారు. 100 కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య రేటు ఎందుకు పడింది, ఈక్వెడార్ రొయ్యకు 15 శాతమే ఎందుకు, మనవాళ్లు ఇంకే దేశానికి అమ్ముకోవచ్చు అని వాళ్లే అడిగారు. తప్పుల ఇంగ్లీషే కావచ్చు, కానీ గైడ్‌లోంచి వచ్చిన వాక్యం ఒక్కటి లేదు.

ఆ ఊపులో ఒకమ్మాయి గాజాలో యుద్ధం గురించి అడిగింది. దాని మీదా ఒక పీరియడ్ మాట్లాడుకున్నాం. తర్వాత ఒక తండ్రి హెడ్మాస్టర్ గారి దగ్గరికి వచ్చి, "ఇంగ్లీష్ నేర్పమని పంపితే రాజకీయాలు నూరిపోస్తున్నారు" అన్నారట. ఇకమీదట పాఠం దాటొద్దని నాకు చెప్పారు. నాకిది సబబుగా అనిపించడం లేదు. మీరేమంటారు?

కరీంనగర్ తండ్రి

మేడమ్, ఆ తండ్రి తరఫున నేను మాట్లాడతాను. మా బాబు ఎనిమిదో తరగతి. లీవ్ లెటర్ సొంతంగా రాయమంటే ఇప్పటికీ తడబడతాడు. ఉన్న ఒక్క పీరియడ్ దానికే చాలదు.

ఇంకో సంగతి మీకు చెప్పాలి. వాడి క్లాసులో ముస్లిం పిల్లలు ఇద్దరు ముగ్గురే. గాజా మాట ఎత్తగానే క్లాసంతా వాళ్ల వైపు తిరుగుతుంది. "మీవాళ్లు" అనే మాట ఒక్కసారి ఎవరి నోటి నుంచైనా వస్తే, ఇంటర్వెల్లో దాన్ని ఆపేదెవరు? ఈ వయసు పిల్లలు మాట్లాడేది వాళ్ల ఆలోచన కాదు, ఇంట్లో విన్నదీ వాట్సాప్‌లో చూసిందీ. రొయ్యల వార్తకు నాకు అభ్యంతరం లేదు. మతం ముడిపడ్డ యుద్ధాన్ని మాత్రం పద్నాలుగేళ్ల పిల్లల మధ్య పెట్టొద్దు.

ఖమ్మం అమ్మ

మా అమ్మాయి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేది. 2022 మార్చి 1న అక్కడ కర్ణాటక విద్యార్థి ఒకరు షెల్లింగ్‌లో చనిపోయారు. మర్నాడు మన ఎంబసీ ఇంగ్లీషులో నోటీసు పెట్టింది. ఖార్కివ్ వెంటనే వదలండి, బండి దొరక్కపోతే నడిచైనా పెసోచిన్, బాబాయె, బెజ్లుదోవ్కాల్లో ఏదో ఒక ఊరికి సాయంత్రం ఆరు లోపు చేరండి, ఆరు అంటే ఉక్రెయిన్ టైమ్ అని. బాంబులు పడుతుంటే, ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంటే ఆ నాలుగు లైన్లు సరిగ్గా చదివి అర్థం చేసుకోవాలి. ఆ తర్వాత బోర్డర్ దాకా దారి అడిగిందీ, ఆఫీసర్లకు జవాబు చెప్పిందీ అంతా ఇంగ్లీషులోనే.

పదో తరగతిలో దానికి ఇంగ్లీషులో మంచి మార్కులే. కానీ షెల్టర్, సీజ్‌ఫైర్, ఎవాక్యుయేషన్ లాంటి మాటలు అది నోటితో పలికింది అక్కడే. కరీంనగర్ అన్నా, మీ భయం నాకు అర్థమవుతుంది. అయినా యుద్ధం గురించి చదవడం, అడగడం బడిలోనే మొదలవ్వాలని నా కోరిక.

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి, సొంతూరు తెనాలి

నేనిక్కడ కొత్తగా వచ్చిన పెద్దవాళ్లకు ఇంగ్లీష్ నేర్పుతాను. ఉక్రెయిన్, సూడాన్, అఫ్ఘానిస్థాన్ వాళ్లు ఒకే గదిలో ఉంటారు. ఇంగ్లీష్ నేర్పే పుస్తకాలు వేసేవాళ్లు రాజకీయం, మద్యం, మతం, సెక్స్, మత్తుమందులు, సిద్ధాంతాలు, పంది మాంసం జోలికి వెళ్లరు. వాటి ఇంగ్లీష్ మొదటి అక్షరాలు కలిపి ఈ వృత్తిలో 'పార్స్‌నిప్' అంటారు. ఏ దేశంలోనైనా అమ్ముకోవడానికి వాళ్లకు అలా వీలు. నా క్లాసులో అది కుదరదు. పోయిన వారాంతం ఏం చేశారో పాస్ట్ టెన్స్‌లో చెప్పమంటే, సూడాన్ ఆయన తన అన్న ఫోన్ ఎత్తడం లేదని, రోజంతా చేస్తూనే ఉన్నానని చెప్పారు. అప్పుడు నేను క్రియాపదం సరిదిద్ది పక్కవారి దగ్గరికి వెళ్లిపోవాలా?

ఇంగ్లండ్ బడులకు 1996 విద్యా చట్టంలో 406, 407 సెక్షన్లు ఉన్నాయి. టీచర్ ఒక పార్టీ వైపు పిల్లల్ని లాగకూడదు, వివాదం ఉన్న విషయం వస్తే వేర్వేరు అభిప్రాయాలను సమతూకంగా చూపాలి. చర్చే వద్దని అవి చెప్పవు. జర్మనీలో 1976 నుంచి బోయ్‌టెల్స్‌బాఖ్ ఒప్పందం అని ఒకటుంది. దాని ప్రకారం సమాజంలో వివాదంగా ఉన్నది క్లాసులోనూ వివాదంగానే కనబడాలి.

కరీంనగర్ గారు చెప్పిన ఆ ఇద్దరు ముగ్గురు పిల్లల మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఎవరినీ వాళ్ల దేశం తరఫునో మతం తరఫునో మాట్లాడమని నేను అడగను. వాళ్లంతట వాళ్లు చెప్తే వింటాం.

అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీష్ ట్రైనర్

అందరూ ఏ వార్త అనే దగ్గరే ఆగారు. అసలు ఇబ్బంది వేరే ఉంది. 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అనగానే మా బ్యాచ్‌లో అందరికీ టెన్షన్. చర్చ పెడితే రెండు నిమిషాల్లో మొత్తం తెలుగులోకి దిగిపోయింది. ఇంగ్లీష్ వచ్చిన నలుగురే చివరిదాకా మాట్లాడారు, మిగతావాళ్లు తలలూపారు. దాన్ని ఇంగ్లీష్ క్లాసు అనలేం. ఇప్పుడు ముందు పది మాటలు బోర్డు మీద రాస్తాను. ఒప్పుకోవడానికి రెండు, కాదనడానికి రెండు వాక్యాల మొదళ్లు ఇస్తాను: "ఐ సీ యువర్ పాయింట్, బట్..." లాంటివి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించాకే క్లాసంతటి చర్చ. అప్పుడు వెనక బెంచీ కూడా నోరు తెరుస్తుంది.

కరీంనగర్ తండ్రి

లెస్టర్ మేడమ్, మీ వెనక ఒక చట్టం ఉంది. ఇక్కడ జెడ్పీ టీచర్ వెనక ఎవరున్నారు? ఎవరో పిల్లాడు ఇంటికెళ్లి సగం మాట చెప్తాడు, అది వాట్సాప్ గ్రూపులో ఇంకోలా తిరుగుతుంది. రేపు వివరణ ఇచ్చుకోవాల్సింది ఒక్క ఈ మేడమే. పిల్లల కోసమే కాదు, ఆమె కోసం కూడా నేను వద్దంటున్నాను.

భీమవరం వైపు ఇంగ్లీష్ టీచర్

నా గురించి ఆలోచించినందుకు థాంక్స్ అండీ. కానీ ఆ అమ్మాయి అడిగింది నన్ను. నేను కాదంటే ఆ ప్రశ్న ఆగదు, రీల్స్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఎదురు ప్రశ్న వేసేవాళ్లు ఉండరు.

గాజా పీరియడ్‌లో ఎవరిది తప్పు అని నేను అడగలేదు. ఒకే సంఘటన మీద రెండు పేపర్ల హెడ్డింగులు బోర్డు మీద రాశాను. ఒకదాంట్లో ఆసుపత్రి దెబ్బతింది అని పాసివ్ వాయిస్‌లో ఉంది, ఎవరు కొట్టారో లేదు. రెండోదాంట్లో యాక్టివ్ వాయిస్, కొట్టినవాళ్ల పేరుతో సహా. మొదటి పేపర్ ఎందుకు అలా రాసి ఉంటుంది అని అడిగాను. ఇంకా నిర్ధారణ కాలేదేమో అని ఒకడు, కావాలనే దాచారేమో అని ఇంకొకడు. రెండూ జరగడానికి వీలుందని చెప్పి, రెండు వాక్యాలనూ అటూ ఇటూ మార్పించాను. వాయిస్ మార్చడం పరీక్షలో ఎలాగూ వస్తుంది. ఏళ్ల తరబడి రాముడు రావణుణ్ణి చంపెను అని మార్పించిన దానికంటే ఇది వాళ్లకు బాగా పట్టింది.

అమీర్‌పేట గారూ, ఆ వాక్యాల మొదళ్లు నాకు పనికొస్తాయి. లెస్టర్ గారి నియమం కూడా పాటిస్తాను. ఈసారి ఏ వార్త తీసుకుంటున్నానో, దాంతో ఏ వ్యాకరణం నేర్పుతున్నానో ఒక కాగితం మీద రాసి హెడ్మాస్టర్ గారికి ముందే ఇస్తాను.

కరీంనగర్ తండ్రి

హెడ్మాస్టర్ గారికే కాదు, తల్లిదండ్రుల మీటింగులోనూ ఆ కాగితం చదివి వినిపించండి. ఆ రెండు హెడ్డింగుల పద్ధతి బాగుంది, మా బాబు వాళ్ల సార్‌కి చెప్తాను. సుంకాలు, వీసాలు, తుఫాన్లతో మొదలుపెట్టమని చెప్తాను. గాజా విషయంలో నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.